వీపు మీద అరచేయంత చోటు: క్యాథ్ ల్యాబ్‌లో రోగికి రేడియేషన్ తగ్గించడం ఎలా?

క్యాథ్ ల్యాబ్ అంటే ఎక్స్‌రే సాయంతో గుండె రక్తనాళాలకు పరీక్ష, చికిత్స చేసే గది. అక్కడ స్టెంట్ వేస్తున్నంతసేపూ అందరి చూపూ తెర మీదే ఉంటుంది. ఎక్స్‌రే మాత్రం టేబుల్ కింద ఉన్న ట్యూబు నుంచి పైకి వచ్చి, రోగి వీపు మీద అరచేయంత చోటు గుండా ఒంట్లోకి వెళ్తుంది. అందులో చాలా భాగాన్ని దారిలోనే శరీరం పీల్చుకుంటుంది. రోగి పైన ఉండే డిటెక్టర్‌ను చేరి బొమ్మగా మారేది చాలా కొద్ది. అన్నిటికన్నా ఎక్కువ రేడియేషన్ పడేది ఆ వీపు చర్మం మీదే. ఆ చోటు వైద్యుడికి కనిపించదు, టెక్నాలజిస్టుకు కనిపించదు, వెల్లకిలా పడుకున్న రోగికి అసలే కనిపించదు. వేడి తగలదు, నొప్పి పుట్టదు. దెబ్బ పెద్దదైతే అది పూర్తిగా బయటపడేది వారాలు గడిచాకే.

ఫ్లోరోస్కోపీ (ఎక్స్‌రేతో తెర మీద కదిలే బొమ్మ చూడటం, వాడుకలో ఫ్లోరో) వల్ల రోగుల చర్మానికి తీవ్రమైన గాయాలు అవుతున్నాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1994లోనే వైద్యులను హెచ్చరించింది. అప్పటికీ ఇప్పటికీ యంత్రాలు ఎంతో మెరుగుపడ్డాయి. కానీ చికిత్సలు కూడా పెద్దవయ్యాయి. ఏళ్ల తరబడి పూర్తిగా మూసుకుపోయిన రక్తనాళాలను ఇప్పుడు గంటల తరబడి కూర్చుని తెరుస్తున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదలకూ గుండె చికిత్స అందుబాటులోకి వచ్చింది. జిల్లా పట్టణాల్లో కూడా క్యాథ్ ల్యాబులు నడుస్తున్నాయి. ఇది నిజంగా సంతోషించాల్సిన మార్పు. అందుకే ఆ గదుల్లో పనిచేసేవారందరికీ ఈ విషయం క్షుణ్ణంగా తెలియాలి.

ఈ పనిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. రోగికి ఎంత రేడియేషన్ తగలాలో నిర్ణయించడంలో యంత్రం ఖరీదు కన్నా దాన్ని నడిపే చేతుల, కాళ్ల అలవాట్లదే పెద్ద పాత్ర. కింద చెప్పేవన్నీ ఆ అలవాట్లే. క్యాథ్ ల్యాబ్‌లో కొత్తగా చేరిన టెక్నాలజిస్టులు, నర్సులు, కార్డియాలజీ చదువుతున్న వైద్యులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. రోగి ఇంటివాళ్లకు చెప్పాల్సినవి చివర్లో ఉన్నాయి.

ముందుగా: ఏ అంకెను చూడాలి?

చాలా చోట్ల రిజిస్టరులో ఫ్లోరో సమయం ఒక్కటే రాస్తారు. ‘పదిహేను నిమిషాలే పట్టింది’ అని తృప్తి పడతారు. ఆ నిమిషాల్లో సినీ (రికార్డు కోసం ఎక్కువ డోసుతో తీసే ఎక్స్‌రే వీడియో) తీసిన సమయం కలవదు. పైగా 50 కిలోల మనిషికి పట్టిన పదిహేను నిమిషాలు, 100 కిలోల మనిషికి పట్టిన పదిహేను నిమిషాలు ఒకటి కావు. డోసు కొన్ని రెట్లు తేడా ఉండవచ్చు.

చూడాల్సింది ఎయిర్ కెర్మా. తెర మీద మిల్లీగ్రేలలో (గ్రే అనేది డోసు కొలత) పెరుగుతూ పోయే అంకె అదే. ఐసోసెంటర్ (ట్యూబు, డిటెక్టర్ ఏ బిందువు చుట్టూ తిరుగుతాయో అది) నుంచి ట్యూబు వైపు 15 సెం.మీ. దూరంలో ఉన్న బిందువు దగ్గర యంత్రం దాన్ని లెక్క కడుతుంది. సుమారుగా రోగి వీపు ఉండే చోటు కాబట్టి చర్మానికి తగిలిన డోసును అంచనా వేయడానికి అదే ఆధారం. అసలు విలువకూ తెర మీది అంకెకూ 35 శాతం దాకా తేడా ఉండటానికి ప్రమాణాలు అనుమతిస్తాయి. అయినా నిర్ణయం తీసుకోవడానికి ఆ అంకె చాలు.

రెండోది డీఏపీ. డోసును కిరణాలు పడిన వైశాల్యంతో గుణిస్తే వచ్చేది ఇది. మొత్తం మీద ఒంటికి ఎంత చేరిందో, దీర్ఘకాలంలో ముప్పు ఎంతో అంచనా వేయడానికి పనికొస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని యంత్రాలు దీన్ని గ్రే చదరపు సెంటీమీటర్లలో చూపిస్తాయి, కొన్ని మైక్రోగ్రే చదరపు మీటర్లలో చూపిస్తాయి. మొదటి కొలతలో 1 అంటే రెండో కొలతలో 100. మీ యంత్రం ఏది చూపిస్తుందో తెలుసుకుని రిజిస్టరు మొదటి పేజీలోనే రాసి పెట్టండి.

చర్మం సంగతికొస్తే, ఒకే చోట 2 గ్రే లోపు పడితే సాధారణంగా పైకి ఏమీ కనిపించదు. 2 నుంచి 5 గ్రే మధ్య చర్మం ఎర్రబడవచ్చు, ఆ చోట జుట్టు రాలవచ్చు, తర్వాత మామూలవుతుంది. 5 దాటితే ఎరుపు ఎక్కువ కాలం ఉంటుంది. 10 దాటితే చర్మం పొట్టు లేస్తుంది, పచ్చిగా మారవచ్చు. 15 దాటితే పుండు పడి, శస్త్రచికిత్స అవసరమయ్యే దాకా వెళ్లవచ్చు.

మొదటి మెట్టు: టేబుల్ ఎక్కకముందే

రోగిని అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇంతకు ముందు ఇలాంటి పరీక్షగానీ చికిత్సగానీ జరిగిందా అని. గత రెండు నెలల్లో జరిగి ఉంటే ఆ డోసునూ ఈ రోజు డోసుతో కలిపి చూడాలి. జిల్లా పట్టణంలో యాంజియోగ్రామ్ చేయించుకుని, స్టెంట్ కోసం హైదరాబాదుకో విజయవాడకో విశాఖకో వచ్చేవారు మనకు ఎక్కువ. వాళ్ల సంచిలో సీడీ ఉంటుంది. దాన్ని తెరిచి చూడకుండానే మళ్లీ అన్ని కోణాల్లో యాంజియో మొదలుపెట్టడం కొన్నిచోట్ల ఆనవాయితీగా మారింది. సీడీ తెరుచుకోదనో, ఆ సాఫ్ట్‌వేర్ లేదనో అంటారు. అందుకు పట్టే ఐదు నిమిషాల ఓపిక రోగికి ఒక విడత రేడియేషన్‌నూ, మూత్రపిండాలకు కొంత కాంట్రాస్టునూ (రక్తనాళాలు కనిపించడానికి ఎక్కించే మందు) తప్పిస్తుంది. ఆ ఐదు నిమిషాలు పెట్టండి.

ఛాతీకి రేడియోథెరపీ తీసుకున్నవారు, స్క్లెరోడెర్మా, లూపస్ వంటి జబ్బులున్నవారు, మధుమేహం ఉన్నవారు, స్థూలకాయులు, వీరి చర్మం విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. ఒక్కసారి పక్కకు తిప్పి వీపు చూడండి. పాత మచ్చ, రంగు మారిన చోటు కనిపిస్తే కేసు షీట్‌లో రాసి, ఆ వైపు నుంచి కిరణాలు పడని కోణాలను ముందే ఆలోచించుకోండి.

రెండో మెట్టు: యంత్రాన్ని ముందే తక్కువకు పెట్టడం

ఇది ఒక్కసారి చేస్తే ప్రతి రోగికీ మేలు చేసే పని. యంత్రం ఆన్ చేయగానే ఏ పల్స్ రేటులో (సెకనుకు ఎన్నిసార్లు ఎక్స్‌రే వెలువడుతుందో ఆ లెక్క), ఏ డోసు స్థాయిలో తెరుచుకోవాలో కంపెనీ సర్వీసు ఇంజనీరు సెట్ చేయగలడు. సెకనుకు 15 పల్సులకు బదులు 7.5 పెట్టించండి. కొన్ని యంత్రాలు ఒక్కో పల్సు బలాన్ని కొంత పెంచుతాయి కాబట్టి డోసు సరిగ్గా సగం కాకపోవచ్చు, కానీ బాగా తగ్గుతుంది. తక్కువ శక్తి కిరణాలు బొమ్మకు పనికిరావు, చర్మంలోనే ఆగిపోతాయి. వాటిని వడకట్టే రాగి ఫిల్టరు మీ ప్రోగ్రాములో ఎంత మందంలో ఉందో కూడా అప్పుడే అడగండి.

మొదటి వారం వైద్యులు ‘బొమ్మ కుదుపుగా ఉంది’ అంటారు. అలవాటయ్యాక ఆ మాట తగ్గిపోతుంది. సన్నని పని వచ్చినప్పుడు ఒక్క బటన్‌తో 15కి పెంచుకోవచ్చు. అవసరమైనప్పుడు పెంచుకోవడం, అయిపోగానే దించడం. ఎప్పుడూ పైనే ఉంచుకోవడానికి మాత్రం కారణం లేదు.

మూడో మెట్టు: టేబుల్ పైకి, డిటెక్టర్ కిందికి

ట్యూబుకు వీపు ఎంత దగ్గరైతే చర్మానికి అంత దెబ్బ. దూరం వర్గానికి విలోమంగా తీవ్రత మారుతుంది. వీపు ట్యూబు నుంచి 60 సెం.మీ.లో ఉండాల్సింది 50 సెం.మీ.కి వస్తే, అదే ఫ్లోరోకు చర్మం మీద పడే డోసు 44 శాతం పెరుగుతుంది. డిటెక్టర్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అది రోగి ఛాతీకి దూరంగా ఉంటే తనకు కావలసినంత వెలుతురు అందడం లేదని యంత్రం తనంతట తానే ఎక్స్‌రేను పెంచుతుంది. ట్యూబుకూ డిటెక్టర్‌కూ మధ్య 100 సెం.మీ. సరిపోయే చోట 115 ఉంచితే సుమారు 32 శాతం అదనం.

గుండె కేసుల్లో గుండె ఐసోసెంటర్‌లో ఉండాలి కాబట్టి టేబుల్‌ను ఇష్టమొచ్చినంత ఎత్తలేం. ఆ హద్దులో వీలైనంత పైన ఉంచండి. పొడవు తక్కువున్న వైద్యులు తమ చేతికి అందేలా టేబుల్‌ను దించడం చూస్తుంటాం. టేబుల్‌ను దించకుండా కాళ్ల కింద మెట్టుపీట వేయించుకోవడం మేలు. కోణం మార్చిన ప్రతిసారీ డిటెక్టర్ పైకి వెళ్తుంది. దాన్ని మళ్లీ ఛాతీ దగ్గరకు దించడం అందరూ మరిచిపోయే పని. ఆ బాధ్యతను టెక్నాలజిస్టుకు స్పష్టంగా అప్పగించండి. రోగి చెయ్యి కిరణాల దారిలో లేకుండా చూడటం కూడా అతని పనే.

నాలుగో మెట్టు: పెడల్ మీది కాలు

ఏ క్యాథ్ ల్యాబ్‌లోనైనా పక్కన నిలబడి కాసేపు వైద్యుడి కాలునే గమనించండి. పెడల్ నొక్కి ఉంచినంతసేపూ ఎక్స్‌రే వస్తూనే ఉంటుంది. గైడ్ వైరు బ్లాక్ దాటింది. బెలూన్ కావాలి. వైద్యుడు తెర మీంచి చూపు తిప్పి నర్సు వైపు చెయ్యి చాపాడు. నర్సు ప్యాకెట్ తెరిచింది, బెలూన్‌ను సెలైన్‌తో తడిపింది, అందించింది. ఆయన దాన్ని వైరు మీదికి ఎక్కిస్తున్నాడు. ఇంతసేపూ తెర మీద గుండె కొట్టుకుంటూనే ఉంది, వైరు కొస కదులుతూనే ఉంది. కాలు పెడల్ మీదే ఉంది. చూసేవారెవరూ లేని బొమ్మ కోసం ఆ వీపు చర్మం అన్ని సెకన్లూ రేడియేషన్ తీసుకుంది.

నియమం చిన్నది: చూపు తెర మీద లేకపోతే కాలు పెడల్ మీద ఉండకూడదు. కాలు తీయగానే చివరి బొమ్మ తెర మీద నిలిచిపోతుంది. వైరు ఎక్కడుందో ఆలోచించడానికీ, పక్కవారితో చర్చించడానికీ ఆ నిలిచిన బొమ్మ చాలు. బెలూన్ 20 సెకన్లు ఉబ్బించాలంటే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తాకితే సరిపోతుంది. టేబుల్ జరపడానికి, కొలిమేటర్ (కిరణాలు పడే వైశాల్యాన్ని కుదించే పలకలు) మూయడానికి ఫ్లోరో అక్కర్లేదు. కొత్త యంత్రాలు నిలిచిన బొమ్మ మీదే హద్దులు గీసి చూపిస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ‘సార్, పెడల్’ అని గుర్తుచేసే హక్కు గదిలో అందరికీ ఉండాలి. చిన్న నర్సు చెప్పినా పెద్ద డాక్టరు కాలు తీయాలి. ఈ ఒప్పందం కేసు మధ్యలో కుదరదు. విభాగాధిపతి ముందుగా అందరి ఎదుటా చెప్పాలి. చెప్పిన చోట గది తీరే మారిపోతుంది.

ఐదో మెట్టు: సినీని పొదుపుగా వాడటం

సినీలో ఒక్కో ఫ్రేముకు పడే డోసు ఫ్లోరోలో ఒక్కో పల్సుకు పడేదానికన్నా సుమారు పది రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. లెక్క వేసి చూడండి. సెకనుకు 15 ఫ్రేములతో నాలుగు సెకన్ల సినీ అంటే 60 ఫ్రేములు. పది రెట్ల చొప్పున అది 600 ఫ్లోరో పల్సులకు సమానం. సెకనుకు 7.5 పల్సుల ఫ్లోరోలో 600 పల్సులు రావాలంటే 80 సెకన్లు పడుతుంది.

బెలూన్ ఉబ్బిందనో స్టెంట్ చోటు సరిగ్గా ఉందనో రికార్డు కోసం సినీ తీయడం చాలామందికి అలవాటు. ఆ పనికి ఫ్లోరో స్టోర్ బటన్ ఉంది. అప్పటికే చూసిన ఫ్లోరోను అది అలాగే దాచిపెడుతుంది, అదనపు డోసు ఉండదు. సినీని బ్లాక్ సరిగ్గా అంచనా వేయడానికీ చివరి ఫలితం చూడటానికీ ఉంచుకోండి. కాంట్రాస్టు నాళమంతా నిండి ఖాళీ కావడం మొదలవగానే ఆపేయండి.

ఆరో మెట్టు: హద్దులు మూయడం, జూమ్ తగ్గించడం

20 సెం.మీ. పక్కలున్న చతురస్రం వైశాల్యం 400 చ.సెం.మీ. కొలిమేటర్‌తో దాన్ని 14కి మూస్తే 196. అంటే డీఏపీ సగానికి సగం తగ్గుతుంది. చెదిరే కిరణాలు తగ్గుతాయి కాబట్టి బొమ్మ కూడా తేటగా వస్తుంది, పక్కన నిలబడినవారికీ మేలు జరుగుతుంది. పైసా ఖర్చు లేని పని ఇది. మరో లాభం కూడా ఉంది. హద్దులు బిగించి ఉంటే, కోణం మార్చినప్పుడు పాత చోటూ కొత్త చోటూ ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటాయి.

జూమ్ దీనికి వ్యతిరేకం. జూమ్ పెంచితే యంత్రం డోసు పెంచుతుంది. స్టెంట్ అంచు చూడాల్సినప్పుడు వాడి, వెంటనే వెనక్కి రండి. కొన్ని యంత్రాల్లో డోసు పెంచకుండా తెర మీద మాత్రమే పెద్దగా చూపించే సౌకర్యం ఉంటుంది. ముందు దాన్ని ప్రయత్నించండి.

ఏడో మెట్టు: కోణాలు

కిరణాలు ఒంట్లో ప్రయాణించే మందం సుమారు 3–4 సెం.మీ. పెరిగిన ప్రతిసారీ చర్మం మీద పడాల్సిన డోసు దాదాపు రెట్టింపవుతుంది. ఎల్‌ఏఓ (డిటెక్టర్‌ను రోగి ఎడమ వైపుకు తిప్పే కోణం) క్రేనియల్ (తల వైపు వంచినది), స్పైడర్ వ్యూ అని పిలిచే ఎల్‌ఏఓ కాడల్ (కాళ్ల వైపు వంచినది), ఈ రెండూ బాగా ఏటవాలు కోణాలు. లావుగా ఉన్నవారిలో ఇవి ఎయిర్ కెర్మాను పరుగెత్తిస్తాయి. ఎల్‌ఏఓలో ట్యూబు రోగి కుడి వైపు వెనక్కి వెళ్తుంది కాబట్టి గాయాలు కుడి భుజపుటెముక కింద కనిపిస్తుంటాయి.

ఎడమ మెయిన్ (గుండెకు రక్తం అందించే ఎడమ ప్రధాన నాళం) విడిపోయే చోటు చూడటానికి స్పైడర్ కావాలి, అందులో సందేహం లేదు. చూసేశాక అదే కోణంలో గంట సేపు పని చేయాల్సిన అవసరం ఉందా అన్నదే ప్రశ్న. తక్కువ ఏటవాలుగా ఉన్న కోణంలో పని సాగితే అక్కడికి మారండి. పెద్ద కేసుల్లో మధ్యమధ్య కోణాన్ని కొన్ని డిగ్రీలు జరపండి. హద్దులు బిగించి ఉంటే ఆ కొద్ది జరుపుతోనే కిరణాలు వీపు మీద వేరే చోట పడతాయి. మొత్తం డోసు తగ్గకపోయినా ఒకే చర్మం మీద పేరుకోదు.

ఎనిమిదో మెట్టు: అంకెను పైకి చెప్పడం

కేసు అయిపోయాక డోసు ఎంతయిందో చూడటం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఎయిర్ కెర్మా 3 గ్రే, అంటే 3000 మిల్లీగ్రే చేరగానే టెక్నాలజిస్టు గట్టిగా చెప్పాలి. అక్కడి నుంచి ప్రతి 1 గ్రేకూ మళ్లీ చెప్పాలి. డీఏపీ అయితే 300 గ్రే చ.సెం.మీ. దగ్గర మొదటిసారి, తర్వాత ప్రతి 100కు. విన్న వైద్యుడు ‘సరే, విన్నాను’ అని జవాబివ్వాలి. అప్పుడు ఆలోచించాల్సినవి: కోణం మార్చవచ్చా, పల్సు తగ్గించవచ్చా, సగం పని అయింది కదా, మిగతాది కొన్ని వారాల తర్వాత చేయవచ్చా? గుండెపోటు వచ్చిన మనిషికైతే రక్తనాళం తెరవడమే ముందు, అక్కడ అంకె చూసి ఆగకూడదు. ముందుగా నిర్ణయించుకున్న సీటీఓ (చాలాకాలంగా పూర్తిగా మూసుకుపోయిన నాళాన్ని తెరిచే) కేసులో మాత్రం ఆపి, మరో రోజు పిలవడం ఓటమి కాదు.

పిల్లలు, గర్భిణులు

పిల్లల కణాలు రేడియేషన్‌కు సున్నితం, వాళ్ల ముందు చాలా ఆయుష్షు ఉంది. 20 కిలోల లోపు పిల్లలకు చెదిరే కిరణాలను ఆపే గ్రిడ్‌ను తీసేస్తే డోసు బాగా తగ్గుతుంది. పెద్దల ప్రోగ్రాముతో పిల్లల కేసు మొదలుపెట్టకండి. గర్భిణికి తప్పనిసరైతే, బిడ్డ కిరణాల దారికి దూరంగా ఉండేలా హద్దులు మూసి చేస్తారు. గర్భస్థ శిశువుకు చేరిన డోసు 100 మిల్లీగ్రే లోపు ఉంటే కేవలం రేడియేషన్ కారణంగా గర్భస్రావం చేయించనక్కర్లేదని రేడియేషన్ రక్షణకు సంబంధించిన అంతర్జాతీయ కమిషన్ ఐసీఆర్‌పీ స్పష్టంగా చెప్పింది. పొట్ట మీద లెడ్ ఏప్రాన్ కప్పాలని కొందరు పట్టుబడతారు. ఆ లెడ్ అంచు కిరణాల దారిలోకి వచ్చిందంటే యంత్రం డోసును ఇంకా పెంచేస్తుంది.

ఆపరేషన్ థియేటర్‌లోని సి-ఆర్మ్

సి-ఆర్మ్ అనే కదిలించగల ఎక్స్‌రే యంత్రంతో చేసే ఎముకల ఆపరేషన్లు, మూత్రపిండాల రాళ్లకు చేసే పీసీఎన్‌ఎల్, పిత్తనాళాలకు ఎండోస్కోప్‌తో చేసే ఈఆర్‌సీపీ, వీటికి కూడా పై అలవాట్లే వర్తిస్తాయి. ట్యూబు కింద, డిటెక్టర్ పైన. ట్యూబు ముందుండే స్పేసర్‌ను చోటు చాలడం లేదని పీకేస్తుంటారు. చర్మం ట్యూబుకు మరీ దగ్గర కాకుండా కాపాడేదే అది. పీసీఎన్‌ఎల్‌లో సూది వేయడానికి, సిరల్లోకి లైను వేయడానికి అల్ట్రాసౌండ్ నేర్చుకుంటే చాలా ఫ్లోరో అవసరమే ఉండదు.

చికిత్స అయ్యాక, ఇంటికి పంపే ముందు

ఎయిర్ కెర్మా, డీఏపీ, ఫ్లోరో సమయం మూడూ డిశ్చార్జి సమ్మరీలో రాయాలి. 5 గ్రే గానీ 500 గ్రే చ.సెం.మీ. గానీ దాటితే ఇంటివాళ్లను కూర్చోబెట్టి తెలుగులో వివరించాలి, రెండు నుంచి నాలుగు వారాల్లో ఫోను చేసి కనుక్కోవాలి.

ఇంటివాళ్లకు నేను చెప్పేది ఇదీ. యాంజియోగ్రామ్‌కు ఒంటికి చేరే డోసు సుమారు 7 మిల్లీసీవర్టులు, స్టెంట్ వేస్తే సుమారు 15. ప్రకృతి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి అందేది 2.4. గుండెకు అవసరమైన చికిత్సను ఈ అంకెలు చూసి వద్దనుకోకండి. పాత సీడీలు, కాగితాలు పారేయకండి, ఎక్కడికి వెళ్లినా తీసుకెళ్లండి. పెద్ద కేసు జరిగిందని చెబితే వారానికోసారి వీపు చూడండి. చతురస్రంలా ఎర్రబడినా, దురద పెట్టినా, పొట్టు లేచినా మందుల దుకాణం నుంచి ఆయింట్‌మెంట్ తెచ్చి రాయకండి. ఫొటో తీసి చికిత్స చేసిన ఆసుపత్రికి పంపండి. చర్మవైద్యుడి దగ్గరకు వెళ్తే స్టెంట్ వేశారన్న సంగతి ముందే చెప్పండి. ఆ మాట తెలియకపోతే ఫంగస్ అనో ఒత్తిడి పుండు అనో అనుకుని చికిత్స చేసే అవకాశం ఉంది. బయాప్సీకి ముక్క తీస్తే ఆ గాయం మానకపోవచ్చు.

నెలకోసారి అందరూ కూర్చుని

మన దేశంలో క్యాథ్ ల్యాబ్ నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ లైసెన్సు ఉండాలి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. సిబ్బందికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీల రిపోర్టులను ఆ ఆఫీసరే చూస్తారు. అదే సమావేశంలో రోగుల డోసులను కూడా ముందు పెట్టండి. ఆ నెలలో ఎయిర్ కెర్మా ఎక్కువైన కేసులను బయటకు తీసి, ఒక్కోదానికీ కారణం రాయండి: రోగి బరువా, కేసు కష్టమా, సినీ ఎక్కువైందా, డిటెక్టర్ దించలేదా? మొదటి రెండు మూడు నెలలు వైద్యుల పేర్లు చదవకండి, కేసులను మాత్రమే చర్చించండి. పేర్లు చదివితే మరుసటి నెల రిజిస్టరులో అంకెలు సరిగ్గా పడవు. సాదా యాంజియోకు మీ గదిలో మామూలుగా ఎంతవుతుందో, ఒక స్టెంట్‌కు ఎంతవుతుందో మీకే తేలుతుంది. దాన్ని కాగితం మీద రాసి కన్సోల్ పక్కన అంటించండి. తర్వాతి కేసులో టెక్నాలజిస్టు అంకె చదివినప్పుడు పోల్చుకోవడానికి అది అక్కడ ఉండాలి.